గాడిద వెనక కాళ్లు

సమూయేలు తన అరవై రెండేళ్ల జీవితంలో భార్య సూసన్నతో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడాడు. చిల్లర అబద్ధాలు లేవని కాదు. చేప ఎంతకి కొన్నాడన్న దగ్గర, మందు వేసుకున్నాడా లేదా అన్న దగ్గర రోజూ ఆడేవాడు, ఆవిడా రోజూ పట్టుకునేది. ఈ ఒక్కటి మాత్రం ముప్పై ఆరేళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది. 1988 క్రిస్మస్ నాటకంలో తాను తెర లాగానని చెప్పాడు. నిజానికి ఆ సాయంత్రం ఆయన గాడిద వెనక కాళ్లు.

ఈ సంగతి బయటపెట్టక తప్పని అవసరం ఒక శనివారం పొద్దున, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో, వకీలు సాహిత్య ఇంటి వరండాలో వచ్చిపడింది.

సాహిత్య రైల్వే స్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన వరాహనరసింహం గారి కూతురు. పనిచేసే చోట దుమ్మూ విషమూ పీల్చి జబ్బుపడ్డవాళ్ల కేసులు ఫీజు లేకుండా వాదిస్తుంది. ప్రతి శనివారం వరండాలో ఒక పొడుగు బెంచీ వేస్తుంది. దానిమీద దగ్గేవాళ్లంతా వరసగా కూర్చుంటారు. లోపల తండ్రిగారు పారాయణ చేసుకుంటూ, బయట దగ్గులు మరీ శృతి మించితే కాసేపు ఆగి, అవి తగ్గాక వదిలిన చోటినుంచి మళ్లీ ఎత్తుకుంటారు.

సమూయేలు కేసు చెప్పడానికి తేలిక, గెలవడానికి కష్టం. వయసులో ఉన్నప్పుడు నింపురా అవతల లంబోదర లాగింగ్ వర్క్స్ అనే కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాడు. వేడి పోకుండా ఆవిరి గొట్టాలకి పీచు చుట్టడాన్నే లాగింగ్ అంటారు; ఆ తెల్లటి పీచు బస్తాల్లో వచ్చేది. బస్తా కోసి, పీచు దులిపి, తడిపి, ముద్దచేసి గొట్టాలకి పట్టించడం పని. దాన్ని అక్కడ అందరూ దూది అనేవారు. మధ్యాహ్నం ఆ దూది మీదే పడుకుని కునుకు తీసేవారు, మెత్తగా ఉంటుందని. అది దూది కాదనీ, ఆస్బెస్టాస్ అనీ, దాని పీచు ఊపిరితిత్తుల్లో దిగబడితే ముప్పై ఏళ్లకి కూడా వదలదనీ వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు సమూయేలు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో కొడుకు జాన్ పాల్ క్వార్టర్‌నుంచి గోల్‌బజార్‌కి నడవాలంటే తొమ్మిదిచోట్ల ఆగాలి. డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు, బతికినన్నాళ్లూ వైద్యం చేయించుకోమన్నాడు. అదంతా కంపెనీ భరించాలని సాహిత్య కేసు వేసింది. కంపెనీ రెండే రెండు ముక్కలు జవాబిచ్చింది. మా గేటులోకి ఆస్బెస్టాస్ ఏనాడూ రాలేదు. సమూయేలు అనే మనిషీ రాలేదు.

"కాగితం ఏదైనా ఉందా అంకుల్? జీతం చీటీ, హాజరు కార్డు, ఏదో ఒకటి" అని అడిగింది సాహిత్య.

"కాగితాలెక్కడివమ్మా. ఆ దినాల్లో ఇత్తడి బిల్ల ఇచ్చినారు. అదొక్కటే ఉన్నాది." సమూయేలు తాళంచెవుల గుత్తి తీసి చూపించాడు. గుత్తికి ఒక బిళ్ల వేలాడుతోంది. దానిమీద 41 అని ఉంది.

"ఇలాంటిది గోల్‌బజార్‌లో ఎవరైనా చేయించుకోవచ్చు అంటాడు వాళ్ల వకీలు. అప్పటి బస్తా ఒక్కటి, కంపెనీ పేరు అచ్చేసి ఉన్నది దొరికితే వాళ్ల నోరు మూతపడేది. కానీ అప్పటి ఖాళీ బస్తా ఇన్నేళ్లు ఎవరు దాస్తారు లెండి."

 ఎవరు దాచారో సమూయేలుకి తెలుసు. వచ్చే శనివారం వస్తానని చెప్పి, చెప్పులు తారుమారుగా తొడుక్కుని బయటపడ్డాడు.

ఇక ఆ గాడిద సంగతి చెప్పాలి. ఆ ఏడు చర్చి యువజనులు క్రిస్మస్ నాటకానికి ఇద్దరు మనుషులు దూరే గాడిదను కుట్టించాలనుకున్నారు. గుడ్డకి డబ్బుల్లేవు. సమూయేలు కంపెనీనుంచి నాలుగు ఖాళీ గోనె బస్తాలు తెచ్చిచ్చాడు. సండేస్కూల్ రెబెక్కా టీచరు వాటిని విప్పి చూసి, మరియమ్మ బేత్లెహేముకు ఎక్కివెళ్లే గాడిద ఒంటినిండా ఖరగ్‌పూర్ కంపెనీ అక్షరాలుంటే ఏం బాగుంటుందని, అచ్చు ఉన్న వైపు లోపలికి పెట్టి కుట్టేసింది. పైకి మచ్చలేని బూడిదరంగు గాడిద తయారైంది. లోపల మాత్రం, వెనక కాళ్లవాడి ముక్కుకి జానెడు దూరంలో, ఆస్బెస్టాస్ అనీ, దాని కింద లంబోదర లాగింగ్ వర్క్స్, ఖరగ్‌పూర్ అనీ, పక్కన ఎర్రరంగుతో 41 అనీ ఉండిపోయాయి. ఖాళీ చేసిన ప్రతి బస్తా మీదా ఎవరి బిళ్ల నంబరు వాళ్లు వేయాలని కంపెనీలో రూలు. తోక కింద గాలికోసం పెట్టిన కన్నంలోంచి వచ్చే వెలుతురులో, నాటకమంతా సమూయేలు తన నంబరు తనే చదువుకుంటూ గడిపాడు.

వెనక కాళ్లకి మొదట ఎవరూ ఒప్పుకోలేదు. సమూయేలూ ఒప్పుకోలేదు. మరియమ్మ వేషం సూసన్నదనీ, ఆ పిల్ల కూర్చునేది వెనకవాడి వీపు మీదేననీ తెలిశాక ఒప్పుకున్నాడు. పాటల బృందంలో ఆ పిల్ల వెనక వరసలో నిలబడి ఎనిమిది నెలలుగా ఆమె జడనే చూస్తూ పాడుతున్నాడు పాపం, ఒక్కసారీ మాట కలపలేదు. ముందు కాళ్లు స్నేహితుడు దేముడువి; వెనక ఎవరో అతనికి ఒక్కడికే చెప్పి, సమూయేలు ఎవరూ చూడకముందే గోనెలో దూరేవాడు. నాటకం కాగితం అచ్చుకి ఇచ్చేటప్పుడు మాత్రం సమూయేలు ప్రెస్సుకి స్వయంగా వెళ్లి, గాడిద వెనక కాళ్లు అన్నచోట 'ఒక సోదరుడు' అని వేయించి, తన పేరు 'తెర' పక్కన పెట్టించుకున్నాడు. వెనక కాళ్లవాడికి పిల్లనెవరిస్తారని ఆయన భయం.

మూడో రంగంలో గాడిద స్టేజీ మధ్యకి వచ్చింది. గోనెలో మిగిలిన దూది సమూయేలు గొంతులోకి పోయింది. దగ్గు వచ్చింది. బిగబట్టాడు. బిగబట్టేసరికి ఇంకా ఎక్కువైంది. మూడు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు, మైదానమంతా వినబడేలా. వెనక కాళ్లు రెండూ చతికిలబడ్డాయి. మరియమ్మ తోక మీదుగా జారి, స్టేజీ దిగి, ముందు వరసలో టీ తాగుతున్న ముఖ్య అతిథి ఒళ్లో పడింది. గాడిద దగ్గిందని ట్రాఫిక్ మొత్తం ఏడాదిపాటు నవ్వుకుంది. టీ మరకల నీలం చీరతో స్టేజీ పక్కన నిలబడి సూసన్న అందరికీ వినబడేలా ఒట్టు పెట్టుకుంది.

"ఆ ఎనక కాళ్ల ఎదవ ఎవడో దొరకనీ. రెండు సెంపలూ వాయించకపోతే నేను సూసన్నని కాదు."

రెండు నెలల తర్వాత పెద్దవాళ్లు ఆ పిల్లనే సమూయేలుకి చూశారు. పెళ్లయింది. ఆ తర్వాత ముప్పై ఆరు క్రిస్మస్‌లలోనూ, కజ్జికాయల పిండి కలుపుతూ ఆవిడ అదే ఒట్టు అవే మాటల్లో మళ్లీ పెట్టుకుంటూ వచ్చింది. ఆవిడ పిండి పిసికే తీరు చూసి సమూయేలు చెంపలు తడుముకునేవాడు. దేముడు ఆ రహస్యాన్ని దాచిపెట్టుకునే విశాఖపట్నంలో కన్నుమూశాడు.

గాడిద మాత్రం చర్చి అటక మీద పాత ట్రంకుపెట్టెలో క్షేమంగా ఉంది. పెట్టె తీసి బస్తా ముక్క కోసి తెచ్చేస్తే ఎవరికీ ఏమీ చెప్పే పని ఉండదని సమూయేలు ఆలోచించాడు. సోమవారం పొద్దున్నే వెళ్లి నిచ్చెన వేశాడు. రెండో మెట్టు మీద ఊపిరి అందక నిచ్చెనను కావలించుకుని ఉండిపోయాడు. పాస్టరు క్రిస్టోఫర్ గారు వచ్చి చూశారు.

"ఏటి సమూయేలు గారూ, ఇక్కడున్నారు?"

"ప్రార్థనకొచ్చినానండి."

"నిచ్చెన మీదా?"

 పాస్టరు గారు ఆయన నడుం పట్టుకుని దింపి, బల్లమీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆ నీళ్లు తాగుతుంటే సమూయేలుకి మొదటిసారి నిజంగా భయమేసింది. రెండు మెట్లకే ఇలా అయిపోతే మిషన్ లేకుండా వచ్చే చలికాలం దాటడు. సిగ్గు దాచుకుంటే ప్రాణం పోతుంది, ప్రాణం దాచుకుంటే సిగ్గు పోతుంది. రెండూ కావాలని ఇంకో నాలుగు రోజులు కిందామీదా పడి, శనివారం సాహిత్య ముందు నోరు తెరిచాడు.

సాహిత్య పెన్ను ఆగిపోయింది.

"వెనక కాళ్లా అంకుల్?"

"ఎనకవే తల్లీ."

లోపల పారాయణ కూడా ఆగింది. సాహిత్య నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని, అదంతా ప్రమాణపత్రంలో రాసి, సంతకం పెట్టించుకుంది. ఎవరూ ఆ పెట్టె ముట్టుకోవద్దని పాస్టరు గారికి ఫోన్ చేసింది. ఆ గోనెలో పీచు ఇంకా ఉంటుందట. రెండు రోజుల తర్వాత మాస్కులూ చేతి తొడుగులూ వేసుకున్న కోర్టు మనుషులు వచ్చి, గాడిదను తడిపి, లోపలి అక్షరాలు కనబడేలా తిరగేసి, మందపాటి ప్లాస్టిక్‌లో పెట్టి సీలు వేశారు. చెవులు లోపలికీ తోక బయటికీ ఉన్న ఆ ఆకారాన్ని వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే, ఎవరో పోయారనుకుని దారిన పోయే ఇద్దరు టోపీలు తీసి నిలబడ్డారట.

"ఇది మా ఆవిడకి తెలీకుండా అవదా అమ్మా?" అని సమూయేలు చివరిసారి బతిమాలుకున్నాడు.

"కోర్టులో గట్టిగా చెప్పాల్సిందే అంకుల్."

అందుకని ఇంట్లో ఇంకో ఎత్తు వేశాడు. మేదినీపూర్‌లో విచారణ చాలా విసుగనీ, బెంచీల్లో నల్లులుంటాయనీ, సూసన్న రానక్కర్లేదనీ చెప్పాడు. ఆవిడ అంతా విని, పులిహోర డబ్బాలో సర్దుకుని బయల్దేరింది.

విచారణ గదిలో అధికారి కళ్లజోడు ఆయన, నెమ్మదస్తుడు. గుమాస్తా జాబితా చదువుతూ ఒకచోట ఆగాడు. గాడిద అని రాసి ఉంది, దాన్ని జంతువుల కింద రాయాలా వస్తువుల కింద రాయాలా అని అడిగాడు. వస్తువు, గోనెది అని అధికారి చెప్పాడు. ప్లాస్టిక్‌లో గాడిదను బల్లమీద పెట్టారు. సమూయేలు వెనక్కి తిరిగి చూడలేదు. వెనక బెంచీ మీద డబ్బా ఒళ్లో పెట్టుకుని సూసన్న కూర్చుని ఉందని ఆయన వీపుకి తెలుస్తూనే ఉంది.

కంపెనీ వకీలు పాన్ నమిలే మనిషి, మాట తీయన. బస్తా మీద పేరుంటే ఏమైందన్నాడు. ఎక్కడిదో ఎవరు చూడొచ్చారు, ఆ 41 నిన్నగాక మొన్న రాసి ఉండొచ్చన్నాడు.

"లోపల ఏం రాసి ఉందో ట్రంకు తెరవకముందే నా క్లయింటు ప్రమాణపత్రంలో రాశారు" అంది సాహిత్య. "1988లో లోపల ఉన్న మనిషి కాబట్టే ఆయనకి తెలుసు."

వకీలు ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. పసుపుపచ్చబడిన నాటకం కాగితం ఒకటి తీశాడు. చర్చి పాత ఫైలులోంచే తెప్పించానన్నాడు. అందులో సమూయేలు పేరు తెర పక్కన అచ్చయి ఉంది.

"దాదా, అచ్చులో తెర, నోట్లో గాడిద. ఏది అబద్ధం?"

గదిలో అందరూ సమూయేలు వైపు చూశారు. పిల్లనివ్వరేమోనని ప్రెస్సుకి పోయి వేయించిన ఆ ఒక్క ముక్కే ఇప్పుడు తన పీక పట్టుకుంది. ఆయన తల వంచుకున్నాడు.  తర్వాత తల ఎత్తి, అధికారితో కాదు, వెనక బెంచీతో చెప్పాడు.

"కాయితంలోది అబద్ధం. గాడిద ఎనక కాళ్లు నేనే. సూసన్నా, పడేసింది నేనే."

సూసన్న ముఖంలో ఏమీ కదల్లేదు. వకీలు మాత్రం సాక్షి ఎవరన్నాడు. ముందు కాళ్లవాడు చనిపోయాడన్నారు. ఠీక్ హై, అని నవ్వి కూర్చున్నాడు. సాహిత్య ఫైలు తిరగేస్తోంది గానీ అందులో ఏమీ లేదని ఆమె ముఖమే చెబుతోంది. కేసు పోయిందని సమూయేలుకి అర్థమైంది. కేసూ పోయింది, పరువూ పోయింది.

అప్పుడు వెనకనుంచి పులిహోర డబ్బా బెంచీ మీద పెట్టిన చప్పుడయింది. సూసన్న లేచి ముందుకు వచ్చి, నేను చెప్పొచ్చా అని బెంగాలీలో అడిగింది. అధికారి ప్రమాణం చేయించి చెప్పమన్నాడు. ఆవిడ బెంగాలీలో మొదలుపెట్టింది గానీ, నాలుగు మాటలయ్యేసరికి తెలుగులోకి వచ్చేసింది. సాహిత్య పక్కన నిలబడి ఒక్కో మాటా అధికారికి బెంగాలీలో చెబుతూ పోయింది.

"ఆ గాడిద మీద కూకున్నది నేను బాబూ. నన్ను పడేసే ముందర అది దగ్గినాది. మూడు పొట్టివి, ఒకటి పొడుగు. పెళ్లైన మూడో దినం పొద్దున్నే ఈయన పెరట్లో మొకం కడుగుతా దగ్గినారు. మూడు పొట్టివి, ఒకటి పొడుగు. నా సేతిలో సెంబు జారిపోనాది. అప్పుడే తెలిసిపోనాది నాకు."

సమూయేలు చెయ్యి తనంతట తానే చెంప మీదికి పోయింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అధికారి అడిగాడు.

"ఆయనే సెప్తారని సూసినాను. ఏటేటా తిట్టినాను, రోసం పుట్టి సెప్తారేమో అని. ముప్పై ఆరేళ్లు తిట్టినా సెప్పలేదు, ఏటి మనిసి." ఆవిడ ప్లాస్టిక్‌లోని గాడిద వైపు తిరిగింది.  "ఆ దినం అందరూ నవ్వినారు బాబూ, గాడిద దగ్గిందని. కోపంతో ఉన్నా నాకూ నవ్వొచ్చినాది. పెళ్లయ్యాక ఆ దగ్గు వినబడితే గాడిదొచ్చినాదని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. దూది దులిపే పని ఈయన్ని తినేస్తన్నాదని నాకు తెలీదు. తెలిసుంటే ఆ కంపెనీ గేటు కాడ కూకుని ఏడ్సుదును. నేను నవ్వినాను."

 సమూయేలుకి ఏడుపొచ్చింది. ఏడుపుతో దగ్గు వచ్చింది. మూడు పొట్టివి, ఒకటి పొడుగు.

అధికారి కళ్లజోడు తీసి, ప్లాస్టిక్ మీదకి వంగి, గోనె మీది 41ని చాలాసేపు చూశాడు. బిళ్ల ఇలా ఇవ్వండి అన్నాడు. సమూయేలు తాళంచెవుల గుత్తి ఇచ్చాడు. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, గుమాస్తాతో సాక్షి వాంగ్మూలం రాయమన్నాడు, దగ్గు కూడా రాయమన్నాడు. కంపెనీ వకీలు అభ్యంతరం చెప్పబోయి, సూసన్న తనవైపు చూడటం గమనించి, పాన్ మింగేశాడు.

తీర్పు అయిదు వారాలకి వచ్చింది. బస్తా కంపెనీదే, మనిషీ కంపెనీవాడే, జబ్బూ కంపెనీ ఇచ్చిందే. మిషన్, వైద్యం, నష్టపరిహారం అన్నీ కంపెనీ భరించాలి. సాహిత్య ఫోన్‌లో చదువుతుంటే వెనక వరాహనరసింహం గారు గాడిద ఏమైందని అడగడం వినిపించింది.

ఆ ఆదివారం పాస్టరు క్రిస్టోఫర్ గారు ఆరాధన అయ్యాక ఒక ప్రకటన చేశారు. ఆ గాడిద 1988 తర్వాత ఇంకో పదకొండు క్రిస్మస్‌లు స్టేజీ ఎక్కింది. అందులో దూరినవాళ్లంతా ఛాతీ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు గారు, కాగితాల పని తాను చూస్తానని వకీలమ్మ కబురు పంపారు. దూరినవాళ్లు చేతులెత్తండి అన్నారు.

ముందు కాళ్లవాళ్లు ఏడుగురు హుందాగా చేతులెత్తారు. వెనక కాళ్లవాళ్లు ఒక్కరూ ఎత్తలేదు. పదకొండేళ్లు ఆ గాడిద ముందు కాళ్ల మీదే నడిచినట్టు అందరూ పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు. అక్కడ ఉన్నవాళ్లలో సగంమంది చిన్నగా దగ్గుతూనే ఉన్నారు.

సమూయేలు బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.

"1988. ఎనక కాళ్లు. సమూయేలు" అన్నాడు.

 తర్వాత రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన గొంతు సవరించుకుని లేచి, 91 అన్నాడు. బ్యాంకు ఆయన 94 అన్నాడు. మూలనుంచి ఎవరో 93, 95 రెండూ నావే అన్నారు. చివరికి పాస్టరు గారే ప్రసంగపీఠం మీదనుంచి, తాను బైబిలు స్కూలుకి పోకముందు 97 అని ఒప్పుకున్నారు. ఆడవాళ్ల వైపునుంచి ఒక పెళ్లాం, నాతో యోసేపు అని చెప్పినారే, అనడం వినిపించింది.

బయట చలిగా ఉంది. గేటు దగ్గర సమూయేలు ఊపిరికోసం ఆగాడు. ఆగినవాడు సూసన్న వైపు తిరిగి, మఫ్లరు కిందికి లాగి, మొదట కుడి చెంప, తర్వాత ఎడమ చెంప చూపించాడు. ఒట్టు ఒట్టే కదా. సూసన్న చెయ్యెత్తింది. ఆ మఫ్లరు మళ్లీ పైకి లాగి, చెవులు కప్పి, మెడ చుట్టూ ముడివేసింది.

"సలిగాలి పీల్చకండి" అంది. "సెంపలెక్కడికి పోతాయి. క్రిస్మస్‌కి పిండి కలిపేటప్పుడు సూద్దాం."